జిర్కాటాంగ్ గేటు దాటాక

మా భావనపాడు వైపు ఏ వీధిలో అడిగినా అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక చుట్టం ఉంటాడు. చేపల వేట మీద బతుకు గడవక ఓడెక్కినవాళ్ళే అందరూ. మా చిన్నాన్నా అలాగే వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. ఆయన చిన్న కూతురి పెళ్ళికని విశాఖలో ఓడెక్కాం. దాదాపు మూడు రోజులు నీళ్ళే నీళ్ళు. 2024లో ఆ ఊరి పేరు శ్రీవిజయపురం అయింది గానీ మావాళ్ళ నోట ఇంకా పోర్ట్‌బ్లెయిరే. చేపల బజారులో సిక్కోలు యాస వినబడగానే ప్రాణం లేచొచ్చింది.

పెళ్ళయిన మర్నాడు పెద్ద బావ, "బారాటాంగ్ ఎల్దుమేటి? సున్నపురాయి గుహలున్నాయి. దార్లో జరవాలు కూడా కనబడతారు" అన్నాడు. జరవాలంటే అక్కడి అడవుల్లో బతికే ఆదివాసులు. ఆ రెండో మాటకే కారు నిండిపోయింది. నేనూ ఎక్కాను. ఎందుకెక్కానా అని ఇప్పటికీ బాధగా ఉంది.

తెల్లారకముందే జిర్కాటాంగ్ గేటు దగ్గర బళ్ళు బారులు తీరాయి. ఆపకూడదు, ఫొటో తీయకూడదు, తిండి ఇవ్వకూడదు అని బోర్డు. పోలీసు బండి ముందు నడిస్తే వెనకాల మేమంతా వరస. దాదాపు యాభై కిలోమీటర్ల అడవి. ఆ అడవి జరవాలది.

ఒక మలుపులో కనబడ్డారు. చంకలో బిడ్డతో ఒక తల్లి, పక్కన పదేళ్ళ కుర్రాడు. ముందు వ్యాను నెమ్మదించింది. కిటికీలోంచి ఒక చెయ్యి, ఆ చేతిలో ఫోను. కారులో మావాళ్ళందరూ ఒక పక్కకి ఒరిగిపోయారు. ఆ కుర్రాడు మమ్మల్ని చూడలేదు. బళ్ళు ఎప్పుడైపోతాయా, రోడ్డు ఎప్పుడు దాటుదామా అన్నట్టు వరస చివరికేసి చూస్తున్నాడు.

గుహలు చూశాం. వాటి గురించి రాయబుద్ధి కావడం లేదు.

ఆ రాత్రి చిన్నాన్న చెప్పాడు: "మేమొచ్చిన కొత్తలో జరవా అంటే బయ్యం. బాణం ఏస్తారని ఎవుడూ అటు ఎల్లీవోడు కాదు." 1997 చివర్నుంచి వాళ్ళు బాణాలు పక్కన పెట్టి బయటికి రాసాగారు. 1999లోనే తట్టు సోకింది. సారా, పొగాకు రుచి చూపించి, అడవి పందుల్నీ పీతల్నీ దోచుకుపోయేవాళ్ళు తయారయ్యారు. అడవి మధ్య రోడ్డు మూసెయ్యమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. అదే రోడ్డు మీద నేను వెళ్ళొచ్చాను. తిండి ఆశ చూపి జరవా ఆడపిల్లల చేత ఆడించిన వీడియో 2012లో లోకమంతా చూసింది. అక్కడి మరో ఆదివాసులు, ఒకప్పుడు వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు, ఇప్పుడు యాభై మంది పైచిలుకు. జరవాలు నాలుగైదు వందలు. మా చెల్లి పెళ్ళిలో అంతకంటే ఎక్కువమందే భోంచేశారు.

తిరిగొచ్చాక ఊళ్ళో అందరిదీ ఒకటే అడగడం, "జరవాల ఫొటో ఏదీ?" అని. తియ్యలేదంటే నమ్మరు.

మొన్న పసుపు కొనడానికి అక్క కొడుకుతో సీతంపేట సంతకి వెళ్ళాను. 2022 దాకా అది మన శ్రీకాకుళం జిల్లాలోనిదే. అనాసకాయలు పోసుకు కూచున్న సవర గిరిజన అవ్వ ముందు వాడు ఫోనెత్తాడు. అవ్వ చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను వాడి చెయ్యి దించాను. "అవ్వా, కాయెంత?" అన్నాను. కాసేపటికి చెంగు తీసి, ముగ్గిన కాయ ఒకటి ఏరి నా చేతిలో పెట్టింది.