బ్రూటన్ వ్యాధి ఉన్న పిల్లాడికి కోవిడ్ వస్తే

బ్రూటన్ వ్యాధి పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపం. ఇందులో బీటీకే అనే జన్యువు చెడి, యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు దాదాపు ఉండవు. కోవిడ్ టీకా వేసినా యాంటీబాడీలు తయారు కావు. వైరస్ సోకిన కణాలను చంపే టి కణాలు మాత్రం స్పందిస్తాయి, అందుకే టీకా మానొద్దు.

యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ వచ్చిందని సంబరపడకండి. మూడు నాలుగు వారాలకోసారి కిలో బరువుకు 400–600 మి.గ్రా. చొప్పున ఎక్కించే ఇమ్యునోగ్లోబులిన్‌లో ఉన్న దాతల యాంటీబాడీలే అవి. జబ్బు తేల్చేది ఆర్‌టీపీసీఆరే.

అసలు చిక్కు ఆ తర్వాతే. తగ్గిన జ్వరం తిరగబెట్టొచ్చు. వైరస్ వారాలు, ఒక్కోసారి నెలల తరబడి ఒంట్లోనే ఉండొచ్చు. ముక్కు స్వాబ్ నెగెటివ్ వచ్చినా ఊపిరితిత్తుల్లో దాక్కోవచ్చు. దగ్గు, జ్వరం వదలకపోతే సీటీ స్కాన్, అవసరమైతే ఊపిరితిత్తులు కడిగి తీసిన ద్రవంలో పీసీఆర్ అడగండి. వైరస్‌ను అడ్డుకునే రెమ్‌డెసివిర్ లాంటి మందు లక్షణాలు మొదలైన తొలి వారంలోనే పడితే మేలు. ఇమ్యునోగ్లోబులిన్ డోసు మాత్రం డాక్టర్ చెబితే తప్ప వాయిదా వేయకండి.