ఆవాల సంచీ, ఆదివారం కొలతలు

తెనాలిలో మా వీధిలో నా పేరు చెబితే ఎవరికీ తెలియదు, "జాకెట్లు కుట్టే ఆవిడ" అంటే ఇల్లు చూపిస్తారు. ఇరవై రెండేళ్లుగా ఆడవాళ్ల ఛాతీ కొలతలు రాసుకుని బతుకుతున్నదాన్ని. అలాంటిదాన్ని నా ఎడమ రొమ్ములో గడ్డని రెండు నెలలు పట్టించుకోలేదు. నొప్పి లేదు కదా అనుకున్నాను. శనగగింజంత ఉండేది, నొక్కితే పక్కకు జరిగేది కాదు. ఇలాంటివి చాలావరకు నొప్పి పుట్టవని డాక్టరమ్మ చెప్పాకే తెలిసింది.

రొమ్ము క్యాన్సర్ అని తేలింది. 2019 ఆగస్టులో గుంటూరులో ఆపరేషన్. ఎడమవైపు మొత్తం తీసేశారు, చంకలో గ్రంథులతో సహా. ఆరోగ్యశ్రీ కార్డు ఉండబట్టి అప్పులపాలు కాలేదు. తర్వాత కీమో: మూడు వారాలకోసారి ఎర్రమందు నాలుగుసార్లు, ఆపైన వారం వారం ఇంకో మందు పన్నెండుసార్లు. కరెంటు, అదే రేడియేషన్, పెట్టేనాటికి లాక్‌డౌన్ వచ్చిపడింది, దారిపొడుగునా పోలీసులకు ఆస్పత్రి కాగితాలు చూపించుకుంటూ తిరిగాం. జుట్టు ఊడింది, మళ్లీ వచ్చింది. ఆ రోజుల గురించి ఇంతకంటే రాయాలని లేదు.

మా ఆడపడుచు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. "వదినా, నువ్వు మాత్రం పాజిటివ్‌గా ఉండాలి." పూటకొకటి చొప్పున వేసుకోవడానికి అదేమన్నా మాత్రా? ఆమె ప్రేమకొద్దీ అన్నదే, కాదనను. కానీ అప్పటికి నాకున్న కష్టం వేరు. నా జాకెట్టు నాకే కుదరడం లేదు.

ఎడమ కప్పులో దూది కూరి కుట్టుకున్నాను. దూదికి బరువు ఉండదు కదా, పొద్దున పెట్టుకున్నది సాయంత్రానికి మెడ ఎముక దగ్గరికి ఎక్కి కూర్చునేది. దానికి తోడు కుడివైపు బరువుకి ఒళ్లంతా అటు లాగి భుజం పీకేది. షాపుల్లో సిలికాన్‌తో చేసిన రొమ్ములు దొరుకుతాయి కానీ వేలల్లో ఉంటాయి. తూకం ఎంత కావాలో తెలిస్తే నేనే కుట్టుకోవచ్చు అనిపించింది. ఎలా తూచడం? ఒక మధ్యాహ్నం తలుపు గడియ పెట్టి, పళ్లెంలో స్టీలు గిన్నె పెట్టి, దాని నిండా అంచుదాకా నీళ్లు పోసి, వంగి కుడి రొమ్ము ముంచాను. పొర్లిన నీళ్లు పళ్లెంలోంచి గ్లాసులోకి వంచి తూచాను. 380 గ్రాములు. ఆ భంగిమలో అద్దంలో నన్ను నేను చూసుకుని పగలబడి నవ్వాను. "ఏమైందే, ఏంటా నవ్వు?" అని బయట్నుంచి మా ఆయన. ఆపరేషన్ అయ్యాక ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు.

380 గ్రాముల ఆవాలు సంచీలో పోస్తే గుమ్మడికాయంత అయింది. ఆవాలు తేలిక, చోటు ఎక్కువ తింటాయి. చివరికి 250 దగ్గర రాజీపడ్డాను. మెత్తటి లాంగ్‌క్లాత్ సంచీ, బ్రా లోపల దానికో జేబు. ఆవాలైతే గుండ్రంగా సర్దుకుంటాయి, నడిస్తే కాస్త కదులుతాయి కూడా. తొలిసారి ఒంటికుట్టు వేసి ఊరుకున్నాను, అదే పొరపాటు. మా తోడికోడలి కూతురి పెళ్లిలో అక్షింతలు వేయడానికి లేస్తే కాళ్ల దగ్గర చిటపటమని రాలాయి. పక్కనున్న పిల్లాడు "అమ్మమ్మా, పోపు పడిపోయింది" అన్నాడు. ఇప్పుడు రెండు పొరల గుడ్డ, రెండు వరసల కుట్టు. చెమటకు తడుస్తాయి కాబట్టి నెలకోసారి ఆవాలు మారుస్తాను. మచ్చ మీద ఒరుసుకోకుండా కుట్టు అంచు బయటివైపుకి.

ఆస్పత్రిలో నర్సమ్మ ఒకరిద్దరికి చెప్పినట్టుంది. మొన్న రేపల్లె నుంచి ఒకమ్మాయి వచ్చింది, ముప్పై ఐదు కూడా ఉండవు. కొలత తీస్తుంటే "అక్కా, చీర కుచ్చిళ్లు కూడా సరిగ్గా నిలవడం లేదు" అని ఏడ్చింది. నేను ఓదార్చలేదు. గిన్నె చేతికిచ్చి లోపలి గదిలోకి పంపాను. కాసేపటికి లోపల్నుంచి నవ్వు వినబడింది.

చెయ్యి సంగతి మాత్రం నవ్వులాట కాదు. చంకలో గ్రంథులు తీసేస్తే చేతిలో ఊరే నీరు వెనక్కి పోయే దారి తగ్గిపోతుంది, చెయ్యి వాయొచ్చు. వారం వారం ఎక్కించిన మందుకి నా వేళ్ల చివరలు మొద్దుబారాయి. సూది గుచ్చుకున్నా తెలిసేది కాదు, లైనింగు గుడ్డ మీద ఎర్రచుక్క కనబడితే అప్పుడు చూసుకునేదాన్ని. 2021లో అలాంటి చిన్న పోటుకే చెయ్యంతా ఎర్రబడి, చలిజ్వరం వచ్చి, నాలుగు రోజులు సెలైన్ ఎక్కించుకున్నాను. అప్పట్నుంచి ఎడమచేతికి గాజులు లేవు. బీపీ చూడబోతే కుడి చెయ్యి చాపుతాను. కుట్టేటప్పుడు వేలికి ఇత్తడి టోపీ తొడుక్కుంటాను, గిన్నెలు తోమితే గ్లవుజులు. చేతికి బిగుతు తొడుగు పొద్దున వేసి రాత్రి పడుకోబోయే ముందు తీస్తాను. మే నెలలో ఆ తొడుగుతో మిషను తొక్కడం ఎలా ఉంటుందో చెప్పను, ఊహించుకోండి.

ఆదివారం స్నానం చెయ్యగానే టేపు తీస్తాను, సెంటీమీటర్ల వైపు. మోచేతికి పది పైన, పది కింద, రెండు చేతులకీ. తేడా రెండు దాటితే ఫిజియో దగ్గరికి వెళ్లమన్నారు. గిరాకీల కొలతలు రాసే పుస్తకంలోనే చివరి పేజీల్లో నా లెక్క. పోయిన వారం తేడా ఒకటిన్నర.

తిండి విషయంలో సలహాలకు కొదవ లేదు. లక్ష్మణఫలం ఆకుల కషాయం దగ్గర్నుంచి గోమూత్రం దాకా అన్నీ గుమ్మంలోకే వచ్చాయి. మా అత్తగారైతే చీము పడుతుందని గోంగూర, వంకాయ మాన్పించారు. డాక్టరమ్మ నవ్వి, "గోంగూర తినండి, బరువు పెరక్కండి" అంది. అందుకే పొద్దున్నే కాలవగట్టు మీద నలభై నిమిషాలు నడక, వారానికి ఐదు రోజులు. గోంగూర ఎప్పుడు చేసుకున్నా ఆవిడని తలుచుకుంటాను.

జబ్బు మళ్లీ రాకుండా వేసుకునే టామాక్సిఫెన్ మాత్ర ఐదేళ్లు వాడటం 2025తో అయిపోయింది. ముట్లు ఆగిపోయాయి కాబట్టి ఇప్పుడు లెట్రోజోల్‌కి మార్చారు. దీంతో పొద్దున లేచేసరికి వేళ్లు కొయ్యబారి ఉంటాయి, సూదిలో దారం ఎక్కదు. గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఆడిస్తే దారికొస్తాయి. ఎముకలు పలచబడతాయని స్కాన్ తీసి, క్యాల్షియం, డి విటమిన్ రాశారు.

ఏడాదికోసారి కుడివైపుకి మామోగ్రాం, అంటే రొమ్ము ఎక్స్‌రే. మొన్ననే తీయించుకున్నాను, రిపోర్టు రేపు. ఇన్నేళ్లయినా రిపోర్టుకి ముందురోజు చెయ్యి వణుకుతుంది, అలాంటి రోజు కత్తెర పట్టను. ఒకసారి పట్టి గిరాకీ వాళ్ల పట్టు జాకెట్టు వీపు ముక్కని అడ్డంగా కోసేశాను, గుడ్డ డబ్బులు నేనే కట్టుకున్నాను. ఇవాళ పొద్దుట్నుంచి చీరలకి ఫాల్స్ కుడుతున్నాను. మూడయ్యాయి, నాలుగోది ఒళ్లోనే ఉంది.