అడగక తప్పట్లేదు

ఈ పోస్ట్ మూడుసార్లు రాసి మూడుసార్లూ చెరిపేశాను. నాకు హాడ్జ్‌కిన్ లింఫోమా (ఒక రకం క్యాన్సర్) అని తేలిన రోజు కూడా ఇంత టెన్షన్ పడలేదు, నిజంగా. రెండు వారాలకొకటి చొప్పున 12 కీమో డోసులు, అంటే దాదాపు ఆరు నెలలు, ఇప్పటికి 5 అయ్యాయి. అందులో ఎర్రటి మందు ఒకటుంది, అది ఎక్కించిన రోజు మూత్రం కూడా ఎర్రగానే వస్తుంది, మొదటిసారి రక్తమనుకుని హడలిపోయాను. మా పాపకి మాత్రం అది "నాన్న జ్యూస్". నాకు రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు పడిపోయాయి కాబట్టి పాపకి జలుబు చేస్తే తలుపు సందులోంచే గుడ్‌నైట్.

దాచుకున్నదంతా అయిపోయింది. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు నాకోసం ప్రార్థన చేసి కానుక పట్టించారు. ప్రతి వారం నేను వేసే సంచే, ఈసారి నాకోసం వరస వరసకీ తిరుగుతుంటే తలెత్తలేకపోయాను. దేవుడు చూసుకుంటాడులే అని భుజం తడతారు కొందరు (చూసుకుంటాడు, నాకూ నమ్మకమే, కానీ బిల్లు కౌంటర్ దగ్గర ఆ మాట చెల్లదు కదా).

మిగిలిన 7 డోసులకి డబ్బు కావాలి. ఎంతైనా పర్వాలేదు, అప్పుగా ఇచ్చినా సరే. ఇన్‌బాక్స్‌లో అడగండి, రిపోర్టులూ బిల్లులూ చూపిస్తాను. ఇవ్వలేకపోయామని మొహమాటపడి ఫోన్ చేయడం మాత్రం మానేయకండి.