టెన్షన్ వల్లే అన్నారు

ఎనిమిది నెలల పాటు నా నొప్పికి ఒకటే పేరు, టెన్షన్. కుడి చెవి ముందు, దవడ కీలు దగ్గర మొదలైంది. పంటి డాక్టర్ గారు పళ్లు, దవడలు మొత్తం కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీయించి, "నిద్రలో పళ్లు కొరుకుతున్నారమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అని రాత్రిపూట పళ్లకి పెట్టుకునే గార్డ్ ఇచ్చారు. ముద్ద నమల్లేక పక్కన పెట్టేస్తే మా అత్తయ్య కూడా "ఊరికే ఆలోచిస్తావు, అందుకే" అనేవారు.

మామూలుగా నోట్లో నిలువుగా మూడు వేళ్లు పడతాయి. నాకు దసరాకి రెండు పట్టాయి, సంక్రాంతికి ఒకటే. నోరు తెరిస్తే గడ్డం కుడివైపుకి లాగేసేది. చెవి ముందు చింతగింజంత గట్టిగా తగిలేది. మళ్లీ వెళ్లి చెప్పాను. ఆయన ముట్టుకుని కూడా చూడలేదు. "గార్డ్ సరిగ్గా వాడుతున్నారా?" అన్నారు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చివరికి మా చెల్లి వేరే నోటి సర్జన్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ నా వెనక నిలబడి, రెండు చెవుల ముందు వేళ్లు ఆనించి, "తెరవండి, మూయండి" అన్నారు. ఆ వేళ్లే నన్ను బతికించాయి. సీటీ, ఎమ్మారై, ముక్క పరీక్ష, అన్నీ వారంలో అయిపోయాయి.

రిపోర్టు రావడానికి ముందు రాత్రి మా ఆయన రాగి జావ పడుతుంటే చెంచా పళ్లకి తగిలి ఆగిపోయింది. జావ గడ్డం మీదికి కారింది. కింది పెదవి మొద్దుబారిపోయి ఉంది, ఆయన తుడిచేదాకా నాకు తెలియలేదు. రేపటికి నోరు పూర్తిగా మూసుకుపోతే? తెల్లారేదాకా వేలు పెట్టి కొలుచుకుంటూ కూర్చున్నాను. ద్వారకా తిరుమల చిన్న వెంకన్నకి మొక్కుకున్నాను.

కాండ్రోసార్కోమా అన్నారు. మృదులాస్థిలో పుట్టే క్యాన్సర్. దవడ కీలుకి రావడం చాలా అరుదు, వచ్చినా మామూలు కీలు నొప్పిలాగే మొదలవుతుందట. దీనికి కీమో పెద్దగా పనిచేయదని ఆపరేషన్ చేసి కీలు తల తీసేశారు. ముఖాన్ని కదిలించే నరం అక్కడినుంచే వెళ్తుంది. కొన్ని నెలలు కుడి కన్ను సరిగ్గా మూతపడలేదు.

దవడ నొప్పి అనగానే భయపడకండి, చాలావరకు మామూలువే. కానీ మందులు వాడుతున్నా నోరు తెరుచుకోవడం తగ్గుతుంటే, చెవి ముందు గడ్డ తగిలితే, పెదవి మొద్దుబారితే, పళ్లు కలిసే తీరు మారితే స్కాన్ రాయమని గట్టిగా అడగండి. మొహమాటపడొద్దు.

మొన్న రిపోర్టులు పట్టుకుని మొదటి డాక్టర్ దగ్గరికి వెళ్లాను. కడిగేద్దామనే వెళ్లాను. ఆయన చదివి, మళ్లీ మొదటి పేజీ తిప్పి చదివారు. లేచి వచ్చి నా చెవుల ముందు వేళ్లు ఆనించి, "తెరవండమ్మా" అన్నారు.

తెరిచాను. రెండున్నర వేళ్లు.