అచ్చం అలాగే ఉందని కొన్నాను
టీవీ రిమోట్‌లో వాల్యూమ్ బటన్ అరిగి లోపలికి దిగిపోయింది. చూడ్డానికి అచ్చం అలాగే ఉందని ఇంకోటి కొన్నా. ఆన్, ఆఫ్ తప్ప ఏదీ పనిచేస్తే ఒట్టు! రిమోటే పాడైందేమోనని ఫోన్ కెమెరా ముందు పెట్టి మిగతా బటన్లు నొక్కితే, కొసన ఊదారంగు చుక్క మిణుకుమిణుకుమంది. అంటే మామూలుగా కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వస్తోంది, టీవీతో కోడ్ కలవట్లేదంతే. (కొన్ని ఫోన్లలో వెనక కెమెరాకి అది కనబడదు, సెల్ఫీ కెమెరాతో చూడాలి.)

పోలికలు కాదు, పాత రిమోట్ మీదో బ్యాటరీల మూత లోపలో ఉండే నంబరు చూసుకోవాల్సింది. నాదాంట్లో అది సగం చెరిగిపోయింది. టీవీ వెనక స్టిక్కర్ మీది మోడల్ నంబరుతో వెతికి మళ్లీ తెప్పించా. మైక్ బటన్ మాత్రం బ్లూటూత్‌లో పెయిర్ చేశాకే పలికింది.

పాతదేమో మూతకి రబ్బరుబ్యాండుతో ఇంకా సొరుగులోనే ఉంది.