చిన్నాయన పాలు పోసే దారిలో

పోయిన నవంబరు మూడో ఆదివారం, తెల్లవారుజామున నాలుగున్నరకు చిత్తూరులో సైకిల్ ఎక్కాను. తిరుపతికి సుమారు 70 కిలోమీటర్లు. రాత్రంతా వాన కురిసి రోడ్డు ఇంకా తడిగానే ఉంది. క్యారియర్ మీద ఒక పాత చక్రాన్ని ట్యూబు ముక్కతో బిగించి కట్టుకున్నాను. మా చిన్నాయన సైకిల్ వెనక చక్రం అది. ఇన్నేళ్లూ మా అటక మీదే ఉండింది. వంకరపోయిన రిమ్ముకు, మిగిలిన పుల్లలకు నేనే తెల్ల పెయింటు వేశాను.

చిన్నాయన 1998లో పోయాడు. గాదంకికి, పనపాకానికి మధ్య, చీకటి ఇంకా విడవకముందు. రెండు పక్కలా పాల క్యాన్లు తగిలించుకొని కేంద్రానికి పోతున్న మనిషిని ఏదో లారీ వెనక నుంచి గుద్ది ఆగకుండా వెళ్లిపోయింది. ‘గుర్తుతెలియని వాహనం ఢీకొని ఒకరి మృతి’ అని పేపర్లో మూడు లైన్లు వచ్చింది. పేరు కూడా వేయలేదు. గుద్దిన బండి దొరక్కపోయినా చట్టప్రకారం పరిహారం ఉంటుందని మాకు చెప్పినవాళ్లు లేరు. అప్పట్లో అది 25 వేలు. 2022 ఏప్రిల్ నుంచి 2 లక్షలు చేశారు. ఇప్పటికీ చాలా పల్లెల్లో ఈ సంగతి తెలియదు. తెలిసినవాళ్లు దయచేసి పక్కింటివాళ్లకు చెప్పండి.

చక్రానికి తెల్ల రంగు వేయడం నా సొంత ఆలోచన కాదు. 2003లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ప్యాట్రిక్ వాన్ డెర్ ట్యూయిన్ అనే ఆయన తన కళ్లముందే ఒక కారు సైకిల్ మీద పోతున్న ఆవిడను గుద్దడం చూశాడు. ఒక పనికిరాని సైకిల్‌కు నిలువెల్లా తెల్ల రంగు పూసి, సైకిల్ మీద వెళ్తున్న మనిషిని ఇక్కడ గుద్దారని బోర్డు రాసి అక్కడే పెట్టాడు. అక్కడి నుంచి ఆ పద్ధతి ఎన్నో దేశాలకు పాకింది. ఇప్పుడు సైకిల్ మీద పోతూ చనిపోయినవాళ్ల గుర్తుగా అలాంటి తెల్ల సైకిళ్లను స్తంభాలకు గొలుసు వేసి కడుతున్నారు. అదే ఏడాది డల్లాస్‌లో మౌనయాత్ర కూడా మొదలైంది. మే నెల మూడో బుధవారం అందరూ మాట మాట్లాడకుండా, గంటకు 19 కిలోమీటర్లు మించకుండా సైకిళ్లు తొక్కుతారు. నవంబరు మూడో ఆదివారం రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లను తలుచుకోవాలని 2005లో ఐక్యరాజ్యసమితి పిలుపునిచ్చింది. ఈసారి ఆ ఆదివారం కార్తీకంలోనే వచ్చింది. అందుకే ఆ రోజు బయలుదేరాను.

ఇదంతా మనకు కొత్తదని నేను అనుకోను. మన జిల్లాలో ఎన్ని ఊళ్లలో వీరగల్లులు లేవు! మంద తోలుకుపోయేవాళ్లతో కలబడి చచ్చిపోయినవాడికీ ఊరు ఒక రాయి నిలబెట్టింది. తమిళ సరిహద్దు పక్క సుమైతాంగి రాళ్లుంటాయి. నిలువుగా రెండు రాళ్లు పాతి, పైన అడ్డంగా ఒకటి వేస్తారు. కడుపుతో ఉండి చనిపోయిన ఆడమనిషి పేరున పెట్టేవాళ్లు. తలమీద బరువుతో వచ్చేవాళ్లు ఇంకొకరి సాయం లేకుండా దించుకొని, కాస్త ఊపిరి పీల్చుకొని, మళ్లీ ఎత్తుకొని పోవచ్చు. ఆ ఆలోచన వచ్చినవాళ్లకు దండం పెట్టాలి.

పూతలపట్టు దాటేసరికి తెల్లారింది. తెల్ల గీతకు ఇవతల జానెడు జాగాలో నా సైకిల్. పక్క నుంచి బస్సు పోయిన ప్రతిసారీ ఆ గాలికి హ్యాండిల్ వణుకుతుంది. రాంగ్ రూట్లో ఎదురొచ్చే బైకులు వేరే టెన్షన్. కొండకు నడిచిపోయే భక్తులు గుంపులుగా కనిపించారు. కొందరి వీపు సంచులకు ఎర్ర రేడియం స్టిక్కర్లు. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. వాళ్లలో సైకిళ్ల మీద పోతున్నవాళ్లు 4 వేలకు పైనే. రోడ్డు ఎంత వెడల్పు చేసినా, సైకిల్‌కు, నడిచే మనిషికి అందులో చోటు చూడకపోవడం నాకు పెద్ద అన్యాయంగా కనబడుతుంది.

గాదంకి టోల్‌గేటు దాటాక వేగం తగ్గించి వెతకడం మొదలుపెట్టాను. చిన్నాయన పడినచోట ఒక చింతచెట్టు ఉండేది. దాని మొదట్లో మా అవ్వ ఒక రాయి పెట్టి, పసుపు పూసి, ఏటా దీపం వెలిగించేది. రోడ్డు పెద్దది చేసినప్పుడు ఆ చెట్టు పోయింది. రెండుసార్లు ముందుకూ వెనక్కూ తిరిగాను. ఒకే రకం రెయిలింగు, ఒకే రకం బోర్డులు. అవ్వ పెట్టిన రాయి ఎక్కడని వెతకను?

కొంచెం ముందు ఒక పంక్చర్ బంకు కనిపించింది. అరవై దాటిన పెద్దాయన నీళ్ల టబ్బు ముందు కూర్చొని ఉన్నాడు. నేను నోరు తెరిచే లోపలే నా క్యారియర్ మీది చక్రం చూసి, చెయ్యి చాచి తీసుకున్నాడు. ఇరుసు దగ్గర పట్టుకొని తిప్పాడు. చక్రం ఎగుడుదిగుడుగా ఒక సుట్టు తిరిగి ఆగింది. వంకర ఉన్నచోట బొటనవేలు పెట్టి తడిమి, “బాగా దెబ్బ తినింది సామీ. అయినా బెండు తీసిస్తా, కూచో” అన్నాడు.

అది ఎవరిదో చెప్పాను. ఆయన చక్రాన్ని ఒళ్లో పెట్టుకొని చానాసేపు మాట్లాడలేదు.

“పాలాయన గదా. చింతచెట్టు ఈడ గాదు, ఆడ ఉండేది” అని చెయ్యి చూపించాడు. ఆయన చూపించింది రోడ్డు మధ్యకు. కార్లు వంద మీద పోతున్న వరస అది. అక్కడ దీపం పెట్టడానికి కాదు కదా, నిలబడడానికి కూడా లేదు.

బంకు ముందున్న ఇనుప స్తంభానికి చక్రాన్ని పాత చైనుతో ఇద్దరమూ కలిసి కట్టాం. కింద ప్రమిద పెట్టి వెలిగించాను. గాలికి ఆరిపోతుంటే ఆయన రేకు ముక్క ఒకటి తెచ్చి అడ్డం పెట్టాడు. తరవాత లోపలికి పోయి ఎర్ర రేడియం షీటు తెచ్చి, కత్తెరతో సన్నగా కోసి, రిమ్ము చుట్టూ అంటించాడు. డబ్బులు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

చంద్రగిరి, తొండవాడ మీదుగా తిరుపతి చేరేసరికి మధ్యాహ్నమైంది. స్వర్ణముఖిలో నీళ్లు పారుతున్నాయి.

సాయంత్రం సైకిల్‌ను బస్సు మీద వేసుకొని తిరిగొచ్చాను. పనపాకం దాటినప్పటి నుంచి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. మధ్యలో గన్నేరు చెట్లు అడ్డమొచ్చి అటు పక్కది ఏమీ కనిపించలేదు. ఇంటికొచ్చి చిన్నమ్మకు ఫోన్ చేశాను. అంతా విని, “ఏ పక్క కట్టినారు నాయనా?” అని అడిగింది.

చిన్నాయన పొద్దున పాలు పోసేదానికి పోయే పక్కనే అని చెప్పాను.