పాప దాచుకున్న తువ్వాలు

ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో ఏడాది తిరగకుండానే ముగ్గురు ఆయమ్మలు మారారు. మూడో ఆవిడ మానేసిన మర్నాడు, రెండేళ్లు కూడా నిండని మా పాప ఆమె వదిలి వెళ్లిన పాత తువ్వాలును చెంపకు ఆనించుకుని, రోజూ ఆమె వచ్చే వేళకు గుమ్మంలో కూర్చుంది. కొత్తావిడ ఎత్తుకోబోతే ఏడవలేదు, ముఖం తిప్పుకుంది. ఆ మౌనమే నన్ను భయపెట్టింది.

శిశువుకు తల్లితో గానీ, తల్లి స్థానంలో స్థిరంగా నిలిచే మనిషితో గానీ ఎడతెగని ఆత్మీయ బంధం అవసరమని మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇచ్చిన నివేదికలో చెప్పారు. నేను మాత్రం జీతం, వేళల గురించే ఆలోచించాను. ఆయమ్మ మారడమంటే పాపకు ప్రతిసారీ ఒక మనిషిని పోగొట్టుకోవడమేనని నాకు తట్టలేదు.

ఈసారి పది రోజులు సెలవు పెట్టి, కొత్త ఆయమ్మతో పాటు నేనూ ఇంట్లోనే ఉన్నాను. నిన్న పాప ఆ తువ్వాలు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది.